టైలర్ స్టేట్ పార్క్‌లో చెరువు పక్కన క్యాంపింగ్: డాలస్ నుంచి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి

క్యాంపింగ్ అనుకోగానే చాలామంది ముందు టెంట్ కొంటారు, తర్వాత కూలర్ కొంటారు, ఆఖరున ఎక్కడికి వెళ్ళాలా అని వెతుకుతారు. అప్పటికి మంచి సైట్లన్నీ అయిపోయి, బాత్‌రూమ్‌కి చాలా దూరంగా, ఏటవాలుగా ఉన్న ఏదో ఒకటి మిగులుతుంది. చేయాల్సింది దీనికి తలకిందులుగా. ముందు సైటు, తర్వాత సామాను. సైటు బాగుంటే పాత దుప్పట్లతోనూ రాత్రి గడిచిపోతుంది. సైటు బాగోకపోతే వెయ్యి డాలర్ల టెంట్ కూడా కాపాడదు.

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు ఉండేవాళ్ళకి మొదటి క్యాంపింగ్‌కి టైలర్ స్టేట్ పార్క్ సరైన చోటు. సుమారు 100 మైళ్ళు, ట్రాఫిక్ లేకపోతే రెండు గంటలు. ఐ-20 మీద తూర్పుకి పోయి 562వ ఎగ్జిట్ దగ్గర ఎఫ్ఎం 14 రోడ్డు ఎక్కి, ఉత్తరంగా రెండు మైళ్ళు వెళ్తే గేటు వస్తుంది. విస్తీర్ణం 985 ఎకరాలు, నడుమ 64 ఎకరాల చెరువు, చుట్టూ వంద అడుగుల దాకా పెరిగిన పైన్ చెట్లు. 1930ల మాంద్యం రోజుల్లో సివిలియన్ కన్సర్వేషన్ కోర్ (పనిలేని యువకులకి పని ఇచ్చిన ప్రభుత్వ పథకం) కుర్రాళ్ళు 1935 నుంచి 1941 దాకా ఇక్కడ పనిచేసి కట్ట వేశారు, రోడ్లూ కట్టడాలూ నిర్మించారు. మనవాళ్ళకి ఇక్కడ నచ్చేది నీడ. మిగతా టెక్సాస్ చెరువుల్లో చాలావాటి గట్లు ఎండకి మాడిపోతుంటాయి.

ఏ నెలలో

అక్టోబరు నడిమి నుంచి నవంబరు చివరిదాకా, మళ్ళీ మార్చి నడిమి నుంచి ఏప్రిల్ నడిమి దాకా. ఈ రెండే మంచి కాలాలు. నవంబరులో ఆకులు రంగు మారతాయి, దోమలు తగ్గుతాయి, రాత్రి చలి 40ల్లోకి దిగుతుంది (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కలే). మార్చి చివర డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూస్తాయి. అదే సమయంలో టైలర్ ఊళ్ళో అజేలియా పూలు చూడడానికి జనం విరగబడతారు కాబట్టి పార్క్ కూడా నిండిపోతుంది.

జూలై, ఆగస్టుల్లో టెంట్ వద్దు. పగలు 95 దాటుతుంది, రాత్రి కూడా పెద్దగా చల్లబడదు, గాలిలో తేమ విపరీతం. పిల్లలకి వేసవి సెలవులు కదా అని అప్పుడే తీసుకెళ్తే వాళ్ళకి క్యాంపింగ్ అంటేనే విరక్తి పుడుతుంది. ఆ నెలల్లోనే వెళ్ళక తప్పకపోతే పొద్దున్నే వెళ్ళి ఈత కొట్టి సాయంత్రానికి వచ్చేయండి. ఏప్రిల్, మే నెలల్లో తుఫాను గాలులు, వడగళ్ళు ఉంటాయి, వాటి సంగతి కింద చెప్తాం.

ఇంకో చిన్న విషయం. దారిలో కాంటన్ ఊళ్ళో ప్రతి నెలా మొదటి సోమవారానికి ముందు వచ్చే గురువారం నుంచి ఆదివారం దాకా పెద్ద సంత జరుగుతుంది. ఆ శనివారం ఐ-20 మీద కార్లు బారులు తీరుతాయి. తేదీ ఎంచుకునే ముందు క్యాలెండర్‌లో ఇది చూసుకోండి.

బుకింగ్

టెక్సాస్ స్టేట్ పార్క్స్ వెబ్‌సైట్‌లో క్యాంప్‌సైట్లని ఐదు నెలల ముందు నుంచే ఇస్తారు. నవంబరు రెండో శనివారం కావాలంటే జూన్‌లోనే కూర్చోవాలి. ఆలస్యమైతే ఆశ వదులుకోనక్కర్లేదు. వారాంతానికి నాలుగైదు రోజుల ముందు వాతావరణం చూసి చాలామంది రద్దు చేసుకుంటారు. సోమవారం నుంచి గురువారం దాకా రోజుకి రెండుసార్లు చూస్తే ఒకటో రెండో సైట్లు బయటపడతాయి. ఆదివారం రాత్రికైతే దాదాపు ఎప్పుడూ ఖాళీ ఉంటుంది.

సైటు అద్దె వేరు, ప్రవేశ రుసుము వేరు. పెద్దవాళ్ళకి రోజుకి తలకి 6 డాలర్లు, 12 ఏళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకి ఉచితం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళు అవుతారు. అలాంటప్పుడు స్టేట్ పార్క్స్ పాస్ తీసుకుంటే కొన్ని ట్రిప్పుల్లోనే డబ్బు తిరిగొస్తుంది. పాస్ ఏడాది చెల్లుతుంది, పాస్ ఉన్న మనిషితో పాటు అదే కార్లో ఉన్న అందరికీ ప్రవేశం ఉచితం. సైటు అద్దె మాత్రం కట్టాల్సిందే.

ఒక సైట్‌లో ఎనిమిది మందికి మించి ఉండకూడదు. మన దగ్గర గొడవంతా ఇక్కడే వస్తుంది. నాలుగు కుటుంబాలు కలిసి బయలుదేరి ఒకే సైటు బుక్ చేసి, పదహారు మంది దిగుతారు. రేంజర్ వచ్చి అడుగుతాడు, అడగడమే అతని ఉద్యోగం. రెండు కుటుంబాలకి ఒక సైటు చొప్పున, పక్కపక్క నంబర్లు చూసి ఒకే విడతలో బుక్ చేయండి. కార్లు కూడా లెక్కే. అదనపు కారు వేరే పార్కింగ్‌లో పెట్టి నడవాల్సి వస్తుంది, కాబట్టి సామాను దించే కారు ఏదో ఇంటి దగ్గరే తేల్చుకోండి.

ఏ సైటు

పార్క్‌లో ఐదు రకాల బసలున్నాయి. నీటి కుళాయి మాత్రమే ఉన్న టెంట్ సైట్లు, నీళ్ళతో పాటు కరెంటు ఉన్నవి, ఆర్‌వీ బళ్ళకి డ్రైనేజీతో సహా అన్నీ ఉన్నవి, ఇవి కాక స్క్రీన్డ్ షెల్టర్లూ కొన్ని క్యాబిన్లూ. స్క్రీన్డ్ షెల్టర్ అంటే పైకప్పు, సిమెంటు నేల, గోడలకి బదులు దోమతెర ఉన్న ఒక గది. లోపల లైటు, ప్లగ్గు ఉంటాయి. మంచాలుండవు, ఏసీ ఉండదు.

అరవై దాటిన పెద్దవాళ్ళో, రెండేళ్ళ లోపు పాపో ఉంటే మా సలహా షెల్టరే. వానొస్తే తడవరు, వంగి దూరక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుర్చీ వేయొచ్చు, ఫోల్డింగ్ మంచం పడుతుంది. టెంట్ సరదా కావాలంటే పిల్లలకి పక్కనే చిన్నది వేయండి.

టెంట్ సైటే అయితే బుకింగ్ పేజీలో ఉన్న మ్యాప్‌ని పెద్దది చేసి మూడు విషయాలు చూడాలి. మొదటిది బాత్‌రూమ్ దూరం. వంద అడుగుల లోపు అయితే రాత్రంతా తలుపు చప్పుడూ లైటూ, మూడు వందలు దాటితే అర్ధరాత్రి పిల్లల్ని లేపి నడిపించడం నరకం. ఈ రెంటి మధ్యలోది తీసుకోండి. బాత్‌రూమ్‌లలో వేడినీళ్ళ షవర్లు ఉంటాయి. రెండోది ఎత్తు. చెరువుని ఆనుకుని ఉన్న సైట్లు ఫోటోల్లో బాగుంటాయి గానీ వాలు దిగి వచ్చే వాననీళ్ళన్నీ వాటి మీదుగానే పోతాయి. ఒక వరస పైన ఉన్నది మేలు, అక్కణ్ణించీ నీళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. మూడోది రోడ్డు మలుపు. మలుపులో ఉన్న సైటులోకి రాత్రంతా కారు హెడ్‌లైట్లు కొడతాయి.

పడక

టెంట్ మీద "6 మందికి" అని రాసుంటే అది ఆరుగురు చేపల్లా పేర్చినట్టు పడుకుంటే పట్టే లెక్క. నలుగురికి ఆరుగురి టెంట్ కొనండి.

నవంబరులో చలి వల్ల నిద్ర పట్టకపోవడానికి కారణం పైన కప్పుకున్నది పలచనై కాదు, కింద ఏమీ లేక. గాలి పరుపు మెత్తగా ఉంటుంది గానీ లోపలి గాలి నేలతో సమానంగా చల్లబడి, ఒంట్లోని వేడిని రాత్రంతా లాగేస్తుంది. తెల్లారేసరికి సగం గాలి కూడా పోయినట్టు ఉంటుంది. అది లీకు కాదు, చలికి గాలి కుంచించుకుపోవడం. గాలి పరుపు వాడితే దాని మీద ఫోమ్ చాపో, మందపాటి రజాయో పరిచి పడుకోండి. పైన ఎన్ని కప్పుకుంటారో కింద అన్ని ఉండాలి, అదే లెక్క. స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు దాని మీద రాసిన డిగ్రీ ఆ రాత్రి చలికన్నా కనీసం 15 తక్కువ ఉండేలా చూడండి. 45 డిగ్రీల రాత్రికి 30 రేటింగ్ ఉన్న సంచి సుఖంగా సరిపోతుంది. చెవులు కప్పే మంకీ టోపీ ఇండియా నుంచి ఎవరో తెచ్చినది ఇంట్లో ఏదో పెట్టెలో ఉండే ఉంటుంది, తీసి పట్టుకెళ్ళండి.

వంట

ఒక రాత్రికి, నలుగురికి కావాల్సినది రాత్రి భోజనం, పొద్దున టిఫిను, మధ్యలో నమలడానికి కాస్త. అంతే. మూడు కూరలు, పప్పు, పెరుగన్నం, బిర్యానీ అని పెట్టెలు కట్టుకెళ్తే ఎవరో ఒకరికి రోజంతా గిన్నెల దగ్గరే సరిపోతుంది, ఆ ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు.

రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్ చాలు. ఆకుపచ్చ రంగు 16.4 ఔన్సుల సిలిండరు రెండు బర్నర్లూ పూర్తి మంట మీద పెడితే గంటసేపు వస్తుంది, సన్నమంట మీద దానికి రెట్టింపు. రెండు సిలిండర్లు పెట్టుకోండి. స్టవ్ చుట్టూ ఉండే రేకు తలుపులు గాలి వచ్చే వైపు నిలబెట్టకపోతే నీళ్ళు మరిగేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. టెంట్‌లోపలా, షెల్టర్‌లోపలా స్టవ్ గానీ బొగ్గుల కుంపటి గానీ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వానొచ్చినా సరే, బయట తార్పాలిన్ కింద, టెంట్‌కి దూరంగా.

పనికొచ్చే కొన్ని పద్ధతులు:

ఉప్మా రవ్వ ఇంట్లోనే పోపుతో సహా దోరగా వేయించి చల్లార్చి జిప్ బ్యాగులో పోసుకోండి. సైట్‌లో ఒక కప్పు రవ్వకి రెండున్నర కప్పుల నీళ్ళు ఉప్పేసి మరిగించి, రవ్వ పోసి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయడమే. ఉల్లిపాయ తరగక్కర్లేదు, పోపు పొగ ఉండదు, పదిహేను నిమిషాల్లో టిఫిను అయిపోతుంది.

ఇడ్లీ పిండి తీసుకెళ్ళాలని ఉంటే డబ్బా సగానికి మించి నింపొద్దు. కార్లో వెచ్చదనానికి అది ఇంకా పులిసి, పొంగి, మూత ఊడి కూలరంతా పిండి అవుతుంది. పిండిని ఐసు పక్కనే పెట్టాలి.

చికెన్ మారినేట్ చేసి జిప్ బ్యాగులో పలచగా పరిచి ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టండి. కూలర్‌లో అదే ఒక ఐసు పలక అవుతుంది, సాయంత్రానికి కరుగుతుంది. కారుతుందేమోనని రెండో సంచిలో పెట్టి కూలర్ అడుగున ఉంచండి.

అన్నానికి మూడు లీటర్ల కుక్కర్ సరిపోతుంది. పెద్ద కుక్కర్ పెడితే పక్క బర్నర్‌ని కూడా ఆక్రమిస్తుంది, స్టవ్ తూలుతుంది. పులిహోర ఇంటి నుంచే కలుపుకెళ్ళేవాళ్ళు చింతపండు పులుసు గట్టిగా ఉడికించి, అన్నం పూర్తిగా ఆరాక కలపాలి. పులిహోర పాడవదు అని ధీమా పడొద్దు. 90 డిగ్రీలు దాటిన ఎండలో వండిన అన్నం ఏదైనా గంటకి మించి బయట ఉంచకూడదు, చల్లగా ఉన్న రోజున రెండు గంటలు.

బజ్జీల మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. వద్దు. మరిగే నూనె మూకుడు చుట్టూ చీకట్లో పిల్లలు పరిగెడుతుంటారు, చివర్లో ఆ నూనె పారబోయడానికి చోటుండదు. మొక్కజొన్న పొత్తులు కాల్చుకోండి. మంట మీద కాదు, మంట అణిగాక నిప్పుల మీద, రెండు నిమిషాలకోసారి తిప్పుతూ పదిహేను నిమిషాలు. నిమ్మచెక్కని ఉప్పూ కారంలో అద్ది రుద్దితే డాలస్‌లో ఉన్నామన్న సంగతే మర్చిపోతారు.

కూలర్‌ని ముందురోజు రాత్రే కాసిని ఐసు ముక్కలు వేసి చల్లబరిస్తే, పొద్దున వేసిన ఐసు రెండో రోజు దాకా నిలుస్తుంది. తాగే నీళ్ళకీ కూల్‌డ్రింకులకీ వేరే కూలర్ పెట్టండి. పిల్లలు పది నిమిషాలకోసారి మూత తీసేది దాన్నే. పాలూ, పెరుగూ, మాంసం ఉన్నదాన్ని రోజుకి నాలుగుసార్లకి మించి తెరవనివ్వొద్దు.

గిన్నెలు కుళాయి కింద కడగకూడదు, బాత్‌రూమ్ సింకులో అసలే కూడదు. ఒక ప్లాస్టిక్ తొట్టిలో కడిగి, ఆ నీళ్ళని జాలీలో వడగట్టి, మెతుకులు చెత్తలో వేసి, నీళ్ళని డంప్ స్టేషన్‌లో (మురుగునీళ్ళు పారబోసే చోటు) పోయాలి. మెతుకులు నేలమీద పోస్తే అరగంటలో చీమలు, రాత్రికి రకూన్లు.

చేరాక మొదటి గంట

సైటు మధ్యాహ్నం 2 గంటలకి ఇస్తారు, మర్నాడు 12 కల్లా ఖాళీ చేయాలి. నవంబరులో ఐదున్నరకే చీకటి పడుతుంది, కాబట్టి ఒంటిగంటకైనా పార్క్ దగ్గర ఉండండి. ఏదైనా మర్చిపోతే లిండేల్‌లో దొరుకుతుంది, దగ్గరే. శుక్రవారం ఆఫీసయ్యాక బయలుదేరేవాళ్ళు ఆలస్యమవుతుందని పార్క్ ఆఫీసుకి ముందే ఫోన్ చేసి, లోపలికి ఎలా రావాలో కనుక్కోవాలి. చెట్ల మధ్య సిగ్నలు అందదు, రిజర్వేషన్ కాగితం ప్రింటు తీసుకెళ్ళండి. ఇచ్చిన పర్మిట్ కారు అద్దం మీద కనిపించేలా పెట్టాలి.

టెంట్ వేసే క్రమం ఇది:

1. తలెత్తి చూడండి. ఎండిపోయి వేలాడుతున్న పైన్ కొమ్మ నెత్తిన ఉంటే అక్కడ వద్దు. గాలి లేకపోయినా అవి విరిగి పడతాయి.

2. తలొంచి చూడండి. వదులుగా పోసిన మట్టికుప్పలా ఉంటే అది ఫైర్ యాంట్ చీమల పుట్ట. పుల్లతో తాకిస్తే సెకనులో వందలు బయటికొస్తాయి. పది అడుగులైనా ఎడం ఉండాలి. పల్లం కూడా వద్దు. పైన్ ఆకులు ఒకచోట దట్టంగా పేరుకుని ఉంటే పోయిన వానకి నీళ్ళు నిలిచింది అక్కడే.

3. రాళ్ళూ, పైన్ కాయలూ ఏరేసి తార్పాలిన్ పరవండి. అది టెంట్ అడుగు కన్నా అన్నివైపులా రెండు మూడు అంగుళాలు చిన్నగా ఉండేలా మడవాలి. బయటికి పొడుచుకొస్తే పైనుంచి కారిన వాననీళ్ళు దానిమీద పడి నేరుగా టెంట్ కిందకే వస్తాయి. పరుపులు తడవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం, చిరిగిన టెంట్ కాదు.

4. తూర్పు టెక్సాస్ నేల ఇసుకనేల. టెంట్‌తో వచ్చే సన్నటి ఏడంగుళాల మేకులు చేత్తో లాగితే వచ్చేస్తాయి. పది, పన్నెండు అంగుళాల వెడల్పు మేకులు ఒక డజను విడిగా కొనండి. మేకు తల టెంట్‌కి దూరంగా వాలి ఉండేలా ఏటవాలుగా కొట్టాలి.

5. ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా పైకప్పు గుడ్డ వేయండి. రాత్రి మంచు దిగుతుంది. పైన ఉన్న గాలి కిటికీలు మాత్రం మూయొద్దు. నలుగురి ఊపిరి తేమంతా లోపలే ఉండిపోయి, తెల్లారేసరికి కప్పు నుంచి బొట్లుబొట్లుగా మొహం మీద పడుతుంది. అది చూసి టెంట్ కారుతోందని వెనక్కిచ్చేసేవాళ్ళున్నారు.

6. తాళ్ళు లాగి కట్టి, వాటికి తెల్ల గుడ్డముక్కలు ముడేయండి. చీకట్లో కాళ్ళకి తగిలేవి ఇవే.

మంట

సైట్‌లో ఉన్న ఇనప వలయంలోనే మంట వేయాలి. ముందు గేటు దగ్గర బర్న్ బ్యాన్ ఉందేమో అడగండి. ఉంటే కట్టెల మంట ఉండదు, గ్యాస్ స్టవ్‌తో సరిపెట్టుకోవాలి. అడవిలో పడి ఉన్న పుల్లలు ఏరడం నిషేధం, కట్టెలు కొనుక్కోవాలి. డాలస్ నుంచి మీ పెరటి కట్టెలు తీసుకురావద్దు, వాటిలోని పురుగులు ఇక్కడి చెట్లకి పడతాయి. టైలర్, లిండేల్ దుకాణాల్లో దొరుకుతాయి. సాయంత్రానికి రెండు మోపులు చాలు.

చేతి వేలంత పుల్లలు గుడిసెలా నిలబెట్టి, మధ్యలో రెండు కర్పూరం బిళ్ళలు పెట్టి వెలిగిస్తే తడి గాలిలోనూ అంటుకుంటుంది. లైటర్ ఫ్లూయిడ్ అక్కర్లేదు. చెట్లకి అల్లుకున్న వెంట్రుకల తీగ ముక్క ఏదైనా కట్టెకి అంటుకుని ఉంటే దాన్ని మంటలో వేయొద్దు. అది తగిలితే దద్దుర్లు వచ్చే పాయిజన్ ఐవీ కావచ్చు, దాని పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే. పడుకునే ముందు బకెట్ నీళ్ళు పోసి, పుల్లతో కెలికి, మళ్ళీ పోయాలి. బూడిద మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లబడాలి. పైన్ ఆకు రాలిన నేల గడ్డివాములా అంటుకుంటుంది.

చెరువు

ఈత కొట్టే చోటు తాళ్ళు కట్టి వేరు చేసి ఉంటుంది. లైఫ్‌గార్డు ఉండరు. చిన్నపిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉండాలి, గట్టు మీద కూర్చుని ఫోన్ చూస్తూ కాపలా కాయడం కుదరదు. చీరలూ, చున్నీలూ, కాటన్ చుడీదార్లూ నీళ్ళు పీల్చి బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి, ఈత బట్టలో బిగుతైన నైలాన్ బట్టలో వేసుకోండి.

పార్క్ స్టోర్‌లో కయాక్, కనూ, పెడల్ బోటు అద్దెకిస్తారు. సీజన్ బట్టి తెరుస్తారు కాబట్టి ముందే అడగండి. చెరువంతా నెమ్మదిగా పోయే బోట్లకే, గంటకి ఐదు మైళ్ళు మించకూడదు, అందుకే కొత్తవాళ్ళకి ఇంత నింపాదైన నీళ్ళు దొరకవు. 13 ఏళ్ళ లోపు పిల్లలు బోటులో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలని టెక్సాస్ చట్టం. పెద్దవాళ్ళకి పక్కన ఉంటే చాలంటుంది చట్టం, ఈత రానివాళ్ళు చట్టం సంగతి పక్కనపెట్టి వేసుకోండి. పొద్దున తొమ్మిది లోపు వెళ్తే గాలుండదు. గాలి మొదలయ్యాక వెళ్తే ముందు గాలికి ఎదురుగా తెడ్డు వేయండి, అలిసిపోయాక గాలే వెనక్కి తోస్తుంది.

చేపలు పట్టడానికి స్టేట్ పార్క్‌లో గట్టు మీంచి, పియర్ (నీళ్ళలోకి కట్టిన వంతెన లాంటిది) మీంచి అయితే లైసెన్సు అక్కర్లేదు. పిల్లలకి చిన్న గాలం, 8 నంబరు కొక్కెం, బెండు, వానపాము ముక్క చాలు. బెండుకి రెండు మూడు అడుగుల కింద కొక్కెం ఉండేలా కట్టి పియర్ పక్కనే వదిలితే సన్‌ఫిష్ పడుతుంది. క్రాపీ వసంతంలో బాగా దొరుకుతుంది. బాస్, క్యాట్‌ఫిష్ కూడా ఉన్నాయి. పులుసుకి తీసుకెళ్ళాలంటే ఎంత సైజు, ఎన్ని చేపలన్న నిబంధన ఆఫీసులో చూసుకోండి.

నడవాలనుకునేవాళ్ళకి చెరువు చుట్టూ రెండు మైళ్ళకి కాస్త పైన ఉన్న లేక్‌షోర్ ట్రైలు. అడుగడుగునా వేళ్ళు పైకి తేలి ఉంటాయి, చెప్పులతో వద్దు. పెద్దవాళ్ళకీ చిన్నపిల్లలకీ విస్పరింగ్ పైన్స్ ట్రైలు చాలు, మైలు కూడా ఉండదు. సైకిలు ట్రైళ్ళలో నడిస్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయండి.

పురుగూ పుట్రా

కాపర్‌హెడ్ పాము ఎండుటాకుల రంగులో, ఎండుటాకుల్లోనే పడుకుంటుంది. చీకటి పడ్డాక టార్చి లేకుండా ఒక్క అడుగు కూడా వేయొద్దు, బూట్లు బయట వదలొద్దు. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గుడ్డ బిగించి కట్టడం, ఐసు పెట్టడం ఏవీ చేయకూడదు. ఉంగరాలు, గాజులు వెంటనే తీసేసి, మనిషిని కదలనివ్వకుండా 911కి ఫోన్ చేయాలి. టైలర్‌లో పెద్ద ఆసుపత్రులున్నాయి.

చిగ్గర్లు (కంటికి సరిగా కనపడనంత చిన్న పురుగులు), పిడుదులు (టిక్స్) గడ్డిలోంచి ఎక్కుతాయి. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపి, చర్మానికి 20 నుంచి 30 శాతం డీట్ అనే పురుగుల మందు ఉన్న స్ప్రే కొట్టండి. రాత్రి షవర్‌లో మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుము దగ్గర వెతకాలి. పిడుదు పట్టుకుని ఉంటే చిన్న పట్కారుతో చర్మానికి ఆనించి నిదానంగా నేరుగా లాగేయండి, నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. మూడేసి ఆకులున్న మొక్క (పాయిజన్ ఐవీ అలాగే ఉంటుంది) తగిలితే వెంటనే సబ్బుతో కడగండి.

రాత్రి

తిండికి సంబంధించినవన్నీ, ఖాళీ టిఫిను డబ్బాతో సహా, కార్లో పెట్టి తాళం వేయాలి. రకూన్ కూలర్ గొళ్ళెం తీయగలదు, ఆవకాయ వాసన దానికీ ఇష్టమే. టెంట్‌లోకి బిస్కెట్ ప్యాకెట్ కూడా వెళ్ళకూడదు.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదు. అంత్యాక్షరి పది లోపు ముగించేయండి, నీళ్ళ మీద గొంతులు ఎంత దూరం పోతాయో పాడేవాళ్ళకి తెలీదు. పార్క్‌లో బహిరంగంగా మద్యం తాగడం, సీసా కనిపించేలా పెట్టడం కూడా నిషిద్ధం.

ఉరుము వినపడిందంటే పిడుగు పడేంత దగ్గర్లో ఉన్నట్టే. టెంట్‌లో కూర్చుని చూద్దాం అనుకోవద్దు, అందరూ కార్లోకో పక్కా బాత్‌రూమ్ భవనంలోకో వెళ్ళాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి. సుడిగాలి హెచ్చరిక వస్తే కారు కూడా పనికిరాదు, భవనమే. ఫోన్‌లో వాతావరణ హెచ్చరికలు ఆన్‌లో ఉంచుకుని, సిగ్నలు లేదనుకుంటే బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి కొనుక్కోండి.

ఖాళీ చేసేటప్పుడు

పొద్దున లేవగానే పైకప్పు గుడ్డ తీసి ఎండలో తాడుమీద వేయండి. టిఫిను అయ్యేలోగా ఆరుతుంది. టెంట్ మడిచే ముందు లోపలి చెత్తా ఇసుకా తలుపు వైపు దులిపేయాలి, లేకపోతే ఇసుక గీసుకుని నేల గుడ్డ కన్నాలు పడుతుంది. మేకులు లెక్కపెట్టండి, రెండు తప్పకుండా ఆకుల కింద ఉంటాయి. వానలో మడవాల్సి వస్తే ముద్దగానే సంచిలో కుక్కి తీసుకొచ్చినా పర్వాలేదు గానీ, ఇంటికొచ్చిన రోజే గరాజ్‌లోనో బాల్కనీలోనో విప్పి పూర్తిగా ఆరబెట్టాలి. తడిగా రెండు రోజులు ఉంచితే బూజు పట్టి, లోపలి పూత జిగటగా మారి పొలుసులుగా ఊడిపోతుంది. ఆ టెంట్ మళ్ళీ వాననీళ్ళని ఆపదు.